వృద్ధాశ్రమాల్లో సేవా నాణ్యత మూల్యాంకనం: నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం

తమ పనులు తాము చేసుకోలేని వయోవృద్ధులకు ఒక సంస్థలో అందే తిండి, శుభ్రత, వైద్యం, భద్రత, మర్యాద ఏ స్థాయిలో ఉన్నాయో ఆధారాలతో తేల్చడమే వృద్ధాశ్రమ సేవా నాణ్యత మూల్యాంకనం. ప్రభుత్వ తనిఖీ అధికారులు, నిధులిచ్చే శాఖలు, దాతలు, వృద్ధుల కుటుంబాలు ఎవరి అవసరాన్ని బట్టి వారు ఈ పని చేస్తారు. ఎవరు చేసినా గీటురాయి ఒక్కటే. నడవలేక, చెప్పుకోలేక, చూడవచ్చే బంధువు లేక మంచాన పడి ఉన్న మనిషికి ఏమి అందుతోందో అదే ఆ ఆశ్రమపు అసలు స్థాయి. తిరగగలిగి, మాట్లాడగలిగి, వారం వారం కొడుకో కూతురో వచ్చి చూసే వృద్ధులను మాత్రమే పలకరించి ఇచ్చే కితాబు నిలవదు.

పరిధి

అమెరికా వంటి చోట్ల వృద్ధుల సంరక్షణ నిలయాన్ని నర్సింగ్ హోమ్ అంటారు. తెలుగునాట మాత్రం నర్సింగ్ హోమ్ అంటే పది, ఇరవై పడకల ప్రైవేటు దవాఖాన. అలాంటి దవాఖానలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ప్రత్యేక నమోదు చట్టం వచ్చింది. తర్వాత తెలంగాణ 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని స్వీకరించింది. వృద్ధులు నెలలు, ఏళ్ల తరబడి ఉండే ఆశ్రమాలు ఈ కోవలోకి రావు. అక్కడ వైద్యం కంటే రోజువారీ సంరక్షణే ఎక్కువ. స్వచ్ఛంద సంస్థలు, మత సంస్థలు, వ్యక్తులు, ప్రభుత్వ సాయంతో నడిచే నిలయాలు, డబ్బు తీసుకుని ఉంచుకునే ప్రైవేటు కేంద్రాలు అన్నీ వృద్ధాశ్రమం అనే ఒకే పేరుతో నడుస్తాయి. ఈ వ్యాసం వాటి గురించే.

ప్రాంతీయ నేపథ్యం

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. వానాధార వ్యవసాయం, ఎర్రనేలలు, లోతు బోర్లు ఈ మెట్ట ప్రాంతాల ఉమ్మడి లక్షణాలు.

వృద్ధుల సంరక్షణ ఇక్కడ కుటుంబం చేతి నుంచి జారడానికి పెద్ద కారణం వలస. కాలువలు, ఆనకట్టలు, రోడ్లు, భవనాల పనులకు దేశమంతా తిరిగిన కూలీలకు పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అన్న పేరే స్థిరపడిపోయింది. ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లినవారు ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులను వదిలి, కొన్నిసార్లు పిల్లలను కూడా వారి చేతుల్లోనే పెట్టి వెళ్లారు. నల్గొండ, సూర్యాపేట వైపు చదువుకున్న తరం హైదరాబాద్‌కు, అమెరికాకు చేరింది. కూలి కోసం వెళ్లినా కొలువు కోసం వెళ్లినా ఇంట్లో అవ్వ, తాత ఒంటరిగా మిగలడం ఒక్కటే.

అక్షరాస్యత మరో అంశం. 2011 జనగణన ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగు. నల్గొండలో 64.20 శాతం. ఇవి అన్ని వయసులవారి లెక్కలు, వృద్ధుల్లో చదువు ఇంతకంటే తక్కువ. కాబట్టి ఆశ్రమంలో ఫిర్యాదుల పెట్టె వేలాడదీసి చేతులు దులుపుకుంటే సరిపోదు. చీటీ రాయలేని మనిషి గోడు వినడానికి మరో దారి ఉందో లేదో చూడాలి.

భాషనూ లెక్కలోకి తీసుకోవాలి. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం, పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే వృద్ధులు ఎందరో ఉన్నారు. వయసు మీదపడి మతి తప్పుతున్నప్పుడు చాలామందిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, తల్లి భాష చివరిదాకా నిలుస్తుంది. ఆ భాష తెలిసిన ఆయా ఒక్కరైనా ఉండటం సేవలో భాగమే.

చట్టాలు, నియమాలు

ఈ రంగానికి మూలాధారం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 60 ఏళ్లు నిండినవారిని ఇది వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. దిక్కులేని వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఒక వృద్ధాశ్రమం ఏర్పాటు చేయవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. ఆశ్రమాల ప్రమాణాలు, వైద్య సేవలు, కాలక్షేప వసతుల గురించి రాష్ట్రం పథకం రూపొందించవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. ప్రభుత్వ దవాఖానల్లో వృద్ధులకు పడకలు, విడి వరుసలు 20వ సెక్షన్ అంశాలు. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే హక్కు 23వ సెక్షన్ ఇస్తుంది. వృద్ధులను గాలికి వదిలేస్తే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించే వీలు 24వ సెక్షన్‌లో ఉంది. పోషణ ఫిర్యాదులను ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ వింటుంది.

చట్టం అమలు కోసం కేంద్రం తయారు చేసిన నమూనా నియమావళి పేద వృద్ధుల ఆశ్రమాలకు భౌతిక ప్రమాణాలు సూచించింది. వీలైనంతవరకు ఒక్కొక్కరికి పడకగదిలో 7.5 చదరపు మీటర్లు, వంటగది, భోజనశాల, వైద్య గది వంటివి కలుపుకుని 12 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. తాగునీరు, కరెంటు, ఫ్యాన్లు, స్త్రీ పురుషులకు విడివిడి స్నానపు గదులు, వికలాంగులకు పనికొచ్చే మరుగుదొడ్లు, జబ్బుపడినవారికి వేరే గది ఉండాలి.

2018 డిసెంబర్ 13న డాక్టర్ అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ప్రతి జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో, వాటిలో వసతులేమిటో రాష్ట్రాల నుంచి సమాచారం తెప్పించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు సంరక్షణ నిలయాలన్నిటికీ నమోదు, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది. అది చట్టం కాకుండానే 17వ లోక్‌సభ ముగిసింది. దాంతో దేశమంతటికీ వర్తించే నమోదు, శ్రేణీకరణ ఇంకా ఏర్పడలేదు.

తెలంగాణలో మహిళా, శిశు, వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ వ్యవహారాలు జిల్లా సంక్షేమ అధికారి పరిధిలో ఉంటాయి. వృద్ధుల కోసం 14567 నంబరుతో ఎల్డర్ లైన్ అనే సహాయవాణి పనిచేస్తోంది. ఈ తరహా సేవ ముందుగా హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్ చొరవతో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. కేంద్ర ప్రభుత్వ అటల్ వయో అభ్యుదయ యోజన కింద స్వచ్ఛంద సంస్థలు నడిపే నిలయాలకు నిధులు అందుతాయి. మంచాన పడినవారికి, డిమెన్షియా ఉన్నవారికి ప్రత్యేక నిలయాలు కూడా ఆ పథకంలో ఉన్నాయి.

మూల్యాంకన చట్రం

సంరక్షణ నాణ్యతను ఎలా కొలవాలన్న ప్రశ్నకు బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు అవేడిస్ డోనబీడియన్ 1966లో ఇచ్చిన జవాబు నేటికీ ఆధారంగా ఉంది. ఆయన దాన్ని మూడు భాగాలుగా చూశారు. సంస్థకు ఏమేమి ఉన్నాయి, అంటే భవనం, సిబ్బంది, పరికరాలు. సిబ్బంది ఏమి చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు. చివరికి ఆ మనిషికి ఏమి జరిగింది. మొదటిది చూడటం సులువు, మూడోది చూడటం కష్టం. చాలా తనిఖీలు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి. కొత్త భవనం, టైల్స్ నేల, దాతల పేర్ల ఫలకాలు చూసి తృప్తిపడితే, మంచం మీద ఉన్న మనిషి వీపు చూడకుండానే నివేదిక తయారవుతుంది.

వసతులు, సిబ్బంది

సంఖ్యల్లో ముందు అడగాల్సింది రాత్రి లెక్క. పగలు ఎంతమంది ఆయాలున్నా, రాత్రి పది తర్వాత ఎంతమంది మేల్కొని ఉంటారో, వారి మీద ఎంతమంది వృద్ధుల బాధ్యత ఉందో తెలియాలి. మరుగుదొడ్డికని చీకట్లో లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం అప్పుడే ఎక్కువ. మంచం దగ్గర గంటో స్విచ్చో ఉందా, నొక్కితే ఎంతసేపట్లో మనిషి వస్తారు అన్నది నిలబడి చూడదగిన పరీక్ష.

ఆయాలకు నేర్పింది ఏమిటి, జీతం వేళకు అందుతోందా, పాతవారు ఎన్నాళ్లుగా ఉంటున్నారు అన్నవి తర్వాతి ప్రశ్నలు. సిబ్బంది తరచూ మారే చోట ఏ అవ్వకు ఏ మాత్ర పడదో, ఏ తాత ఎడమచెవికి వినపడదో ఎవరికీ గుర్తుండదు. వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వస్తారు, అత్యవసరమైతే ఏ దవాఖానకు తీసుకెళ్తారు, వాహనం ఉందా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్గొండ, సూర్యాపేట కళాశాలలు 2019లో మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. ఇవన్నీ వచ్చాక ఈ ప్రాంతపు ఆశ్రమాలకు పెద్ద దవాఖాన మునుపటంత దూరం కాదు. అయినా ఆ దారి ఎవరు పట్టిస్తారో ముందే నిర్ణయించి ఉండాలి.

తలుపులు, మెట్లు, బాత్రూమ్ నేల, పట్టుకునే కడ్డీలు, అగ్నిప్రమాదం జరిగితే నడవలేనివారిని బయటికి తెచ్చే దారి కూడా ఈ విభాగంలోకే వస్తాయి. బయట తాళం వేసిన గది ఉంటే, దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తప్పక అడగాలి.

రోజువారీ సేవ

తిండి దగ్గర మొదలుపెట్టాలి. పప్పు, కూర, పెరుగు పట్టికలో ఉండటం ఒక సంగతి, పళ్లు లేని నోరు వాటిని తినగలగడం మరో సంగతి. జీవితమంతా జొన్నరొట్టె, గట్క, అంబలి తిన్న మనిషికి గట్టి అన్నం ఒక్కటే పెడితే పళ్లెం సగం మిగులుతుంది. మిగిలిన పళ్లేలను గమనించిన తనిఖీదారుకు తిండి గురించి తెలిసినంత, వంట సామాను జాబితా చదివినవారికి తెలియదు. రాత్రి భోజనానికీ మర్నాటి టిఫిన్‌కూ మధ్య ఎన్ని గంటల వ్యవధి ఉందో కూడా చూడాలి. సిబ్బంది సౌకర్యం కోసం సాయంత్రం ఐదింటికే పెట్టేస్తే మధుమేహం ఉన్నవారికి తెల్లవారుజామున చక్కెర పడిపోయే ముప్పు ఉంది. చేతులు వణికేవారికి తినిపించే మనిషి ఉన్నారా, ఓపికగా తినిపిస్తున్నారా అన్నది భోజనవేళ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

స్నానం, బట్టలు, గోళ్లు, జుట్టు, నోటి శుభ్రత తర్వాతి అంశాలు. వాసన మంచి సూచిక. ఎప్పుడో ఒకసారి మూత్రం వాసన రావడం ఎక్కడైనా ఉంటుంది, ఎప్పుడు వెళ్లినా వస్తే పక్కలు వేళకు మార్చడం లేదని అర్థం. ఘాటైన ఫినాయిల్ వాసన మాత్రమే వచ్చే చోట కూడా దాని కింద ఏముందో వెతకాలి.

మందుల విషయంలో ప్రతి ఒక్కరికీ విడి పట్టిక, ఇచ్చిన వేళ, ఇచ్చినవారి సంతకం ఉండాలి. 1991లో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం నర్సింగ్ హోమ్‌లలోని వృద్ధులకు ఇవ్వకూడని, లేదా జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందుల జాబితా తయారు చేసింది. డయాజెపామ్ వంటి నిద్రమాత్రలు, జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమైన్ వంటివి వృద్ధుల్లో మైకం, తడబాటు, పడిపోవడం తెచ్చిపెట్టగలవని ఆ జాబితాలు హెచ్చరిస్తాయి. పట్టపగలు అందరూ మత్తుగా పడుకుని ఉన్న వార్డు ప్రశాంతంగా ఉందని మురిసిపోకూడదు, మందుల పట్టిక అడగాలి.

మర్యాద కూడా కొలవదగినదే. పేరు పెట్టి పిలుస్తున్నారా, అవ్వ, తాత అంటున్నారా, లేక మంచం నంబరుతో పిలుస్తున్నారా. బట్టలు మార్చేటప్పుడు తెర వేస్తున్నారా. ఎప్పుడు లేవాలో, ఏ చీర కట్టుకోవాలో, ఇవాళ స్నానం చేయాలో వద్దో వారికి కాస్తైనా ఎంపిక ఉందా. పెద్దమనిషికి తన మీద తనకున్న అధికారం ఆశ్రమం గడప దగ్గర ఆగిపోకూడదు.

ఫలితాలు: శరీరం చెప్పే సాక్ష్యం

కదలలేని మనిషి వీపు, నడుము కింది భాగం, మడమలు అన్నిటికంటే నమ్మదగిన సాక్షులు. ఒకే వైపు గంటల తరబడి పడుకుంటే ఒత్తిడికి రక్తప్రసరణ ఆగి చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పొరలు ఊడి ఎముకదాకా పుండు పడుతుంది. చాలా పడక పుండ్లను ఆపవచ్చు. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చడం, తడి లేకుండా చూడటం, తగిన మాంసకృత్తులు పెట్టడం ఇందుకు మార్గం. ఎవరికి ముప్పు ఎక్కువో ముందే పసిగట్టడానికి 1987లో వెలువడిన బ్రేడన్ కొలమానం ఉంది. స్పర్శ, తేమ, కదలిక, పోషణ వంటి ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది, 18 లేదా అంతకంటే తక్కువ వస్తే ముప్పు ఉన్నట్టు.

బరువు రెండో సాక్షి. నెలకోసారి తూచి రాయాలి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే అమెరికా తనిఖీల్లో దాన్ని తీవ్రంగా పరిగణిస్తారు. ఈ లెక్క ఎక్కడైనా పనికొస్తుంది. 50 కిలోల అవ్వ నెలలో రెండున్నర కిలోలు తగ్గితే కారణం వెతకాలి.

పనులు చేసుకునే శక్తి మూడోది. 1963లో సిడ్నీ కట్జ్ బృందం స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, లేచి కూర్చోవడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనులతో ఒక సూచిక తయారు చేసింది. 1965 నాటి బార్తెల్ సూచిక పది పనులకు 100 మార్కులు వేస్తుంది. చేరినప్పుడు వేసిన మార్కులు, ఆరు నెలల తర్వాతి మార్కులు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. తనంతట తాను తినగలిగిన మనిషి ఆశ్రమంలో చేరాక తినిపించుకునే స్థితికి వస్తే, అది జబ్బు వల్ల కావచ్చు. త్వరగా అయిపోతుందని ఆయా తినిపించేయడం వల్లా కావచ్చు. రెండోదాన్ని ఆపే బాధ్యత ఆశ్రమానిది.

పడిపోయిన సంఘటనలు, మూత్రపు గొట్టాలు, కట్టివేతలు, దవాఖానకు తరలింపులు, మరణాల వివరాలు మిగిలిన సూచికలు. ఒక్క పడిపోవడం కూడా నమోదు కాని రిజిస్టర్ మంచి సేవకు రుజువు కాదు, రాయడం లేదనడానికి రుజువు.

ఫ్లోరోసిస్ బాధితుల సంరక్షణ

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల ఆశ్రమాలను అంచనా వేయడానికి బయటి కొలమానాలు మాత్రమే చాలవు. తరాలుగా ఫ్లోరైడ్ నీరు తాగిన ఊళ్లివి. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని ఈ జిల్లా పేరే పెట్టారు. నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానం నుంచి 480 మంది పోటీ చేశారు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించాక ఇంటింటికీ నదీజలాలు రావడంతో కొత్త తరానికి ముప్పు బాగా తగ్గింది. కానీ పాత నీరు తాగి పెరిగినవారే ఇప్పటి వృద్ధులు. వారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ కుళాయి మార్చినంత మాత్రాన పోదు.

ఎముకల ఫ్లోరోసిస్‌లో కీళ్ల చుట్టూ ఉండే బంధనాలు గట్టిపడతాయి, వెన్ను కర్రలా బిగుసుకుంటుంది, నడుము వంగిపోతుంది. ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. తీవ్రమైనవారిలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి. ఇలాంటివారికి సేవ చేయడంలో ప్రత్యేక నేర్పు కావాలి. గొంతుకూర్చునే మరుగుదొడ్డి వారికి పనికిరాదు, కుర్చీ ఎత్తున కమోడ్, రెండువైపులా కడ్డీలు ఉండాలి. వంగిన వెన్నును వెల్లకిలా చాపి పడుకోబెట్టే ప్రయత్నం చేయకూడదు, వంపు కింద దిండ్లు పెట్టాలి. మెడ తిప్పలేనివారిని పక్కనుంచి పిలిచి ఉలిక్కిపడేలా చేయకుండా ఎదురుగా వచ్చి మాట్లాడాలి. చంకల కింద పట్టి ఒక్కసారిగా లేపితే పెళుసు ఎముక విరగవచ్చు. ఏళ్ల నాటి నొప్పిని అలవాటైపోయిందని వదిలేయకుండా రోజూ అడిగి రాయాలి.

ఆశ్రమానికి సొంత బోరు ఉంటే ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంతో పరీక్షించారా అన్నది ఇక్కడ మొదటి ప్రశ్నల్లో ఒకటి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. తాగడానికి భగీరథ నీరు పెట్టి, వంటకు బోరు నీరు వాడితే ఫ్లోరైడ్ తిండి దారిన లోపలికి పోతూనే ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా నిలిచిపోతుంది కనుక వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఎండాకాలం

2015 మే నెల వడగాడ్పులకు తెలంగాణలో ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో నల్గొండ ఒకటి. వృద్ధులకు దాహం సరిగా తెలియదు, చెమట తక్కువ, గుండె, రక్తపోటు మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి చేసే తనిఖీకి ప్రత్యేక విలువ ఉంది. రేకుల కప్పు కింద పడకలున్నాయా, కూలర్లు పనిచేస్తున్నాయా, కరెంటు పోతే ఏం చేస్తారు, గ్లాసు మంచం నుంచి చేతికందే దూరంలో ఉందా, మజ్జిగ, అంబలి అడగకుండానే తెచ్చి ఇస్తున్నారా అన్నవి చూడాలి. ముదురు పసుపు రంగు మూత్రం, ఎండిన నాలుక, కొత్తగా మొదలైన కలవరింత ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు కావచ్చు.

మతిమరుపు జబ్బు, ఉపశమన సేవ

డిమెన్షియాను ముసలితనపు చాదస్తం అని కొట్టిపారేయడం వల్ల చాలామందికి పరీక్షే జరగదు. చదవడం, రాయడం మీద ఆధారపడిన పరీక్షలు ఈ ప్రాంతపు వృద్ధులకు న్యాయం చేయవు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు తెలుగువారికి తగిన పరీక్షల మీద పనిచేశారు. 2013లో 648 మంది రోగులపై వారు ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది.

డిమెన్షియా ఉన్నవారు తిరుగుతూ ఉంటారు, అరుస్తారు, ఇంటికి పోతానంటారు. వారిని మంచానికి కట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం సేవ కాదు. కట్టివేస్తే పడక పుండ్లు, కండరాల క్షీణత, భయం పెరుగుతాయి. 2019 జనవరిలో హైదరాబాద్ శివారు కీసర సమీపంలోని నాగారంలో ఒక ఆశ్రమం నుంచి వృద్ధులు, మానసిక రోగులు కలిపి 70 మందికి పైగా పోలీసులు విడిపించిన ఘటన రాష్ట్రాన్ని కదిలించింది. మానసిక జబ్బు ఉన్నవారిని ఉంచుకుని చికిత్స చేసే కేంద్రాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద విడిగా నమోదు అవసరం. గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించింది. ఈ ప్రాంతంలోనే చౌటుప్పల్‌లోని అమ్మానాన్న అనాథాశ్రమం వంటి సంస్థలు రోడ్ల మీద దిక్కులేక తిరిగే మానసిక రోగులకు ఆశ్రయం ఇస్తూ వచ్చాయి. ఈ సేవకు జాలితో పాటు మానసిక వైద్యుడు, మందులు, నేర్పున్న సిబ్బంది ఎంత అవసరమో నడిపేవారందరికీ తెలుసు.

నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించడం నాణ్యతలో ముఖ్యభాగం. 2014లో మాదకద్రవ్యాల చట్టానికి జరిగిన సవరణ మార్ఫిన్ వంటి మందులు అవసరమైనవారికి అందేలా నిబంధనలు సడలించింది. తెలంగాణ ప్రభుత్వ ఉపశమన సేవల్లో భాగంగా ఆలన వాహనాల్లో నర్సులు ఇళ్ల దగ్గరికి వెళ్లి సేవ చేస్తున్నారు. ఆశ్రమానికి ఆ బృందంతో సంబంధం ఉందా అని అడగాలి.

డబ్బు, ఆస్తి, హక్కులు

వృద్ధాప్య పింఛను 2014 నవంబర్‌లో ఆసరా పేరుతో నెలకు 1,000 రూపాయలుగా మొదలై 2019లో 2,016 రూపాయలైంది. ఆశ్రమంలో ఉన్నవారి పింఛను ఎవరు తెస్తున్నారు, ఎవరి దగ్గర ఉంటోంది, ఖర్చు లెక్క ఎక్కడ రాస్తున్నారు అన్నవి తప్పక తేల్చాలి. ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు తీసుకోవడం, చేరేటప్పుడు భూమి పట్టా పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ ఉంచుకోవడం ప్రమాద సూచనలు. వృద్ధులకు ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2016లో ప్రత్యేక పథకం తెచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆశ్రమంలో ఉన్నవారికీ అది అందాలి.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం ప్రతి నివాసి స్థితిని నిర్ణీత పత్రంలో నమోదు చేయడం, అనవసరంగా కట్టివేయకుండా ఉండే హక్కు తప్పనిసరి చేసింది. 1998 నుంచి తనిఖీ ఫలితాలు ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. 2008లో ఐదు నక్షత్రాల శ్రేణి మొదలైంది. తొలినాళ్లలో సిబ్బంది సంఖ్యను నిర్వాహకులు చెప్పినట్టే తీసుకునేవారు. 2018 నుంచి జీతాల లెక్కల్లోంచి తీసుకోవడం మొదలయ్యాక చాలాచోట్ల నక్షత్రాలు తగ్గాయి. స్వయంగా చెప్పుకున్న సమాచారం మీద కట్టిన శ్రేణి నిలవదని ఆ అనుభవం చెబుతోంది. ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ ఐదు ప్రశ్నలతో తనిఖీ చేస్తుంది. సురక్షితంగా ఉందా, ఫలితమిస్తోందా, ఆప్యాయంగా ఉందా, అవసరానికి స్పందిస్తోందా, యాజమాన్యం సమర్థంగా ఉందా. నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు.

కుటుంబాలు, దాతలు చూడవలసినవి

చెప్పకుండా వెళ్లాలి. ఒకసారి భోజనవేళ, మరోసారి రాత్రి ఏడు తర్వాత, ఇంకోసారి ఆదివారం వెళ్తే మూడు వేర్వేరు ఆశ్రమాలు కనిపించవచ్చు. నిర్వాహకులతో మాట్లాడాక, వారు పక్కన లేకుండా వృద్ధులతో మాట్లాడాలి. బాగున్నారా అని అడిగితే ఎవరైనా బాగున్నామనే అంటారు. నిన్న రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, రాత్రి లేవాలంటే ఎవరిని పిలుస్తారు, పిలిస్తే వస్తారా అని అడిగితే నిజం బయటికొస్తుంది. మంచాన ఉన్నవారిని చూపించమని అడగాలి.

విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌తో సరిపెట్టుకోకూడదు. కెమెరాలో ముఖం కనిపిస్తుంది, మడమ కనిపించదు. ఊళ్లో నమ్మకమైన బంధువో స్నేహితుడో నెలకోసారి వెళ్లి బరువు పట్టిక, మందుల పట్టిక ఫొటో తీసి పంపే ఏర్పాటు చేసుకోవాలి. దాతలు పుట్టినరోజు అన్నదానంతో పాటు రాత్రి ఆయా జీతం, గాలి పరుపు, చక్రాల కుర్చీ, నీటి పరీక్ష ఖర్చు భరిస్తే అది ఎక్కువ రోజులు ఉపయోగపడుతుంది.

ముందున్న పని

మంచి మనసుతో నడిచే ఆశ్రమాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. తనిఖీ అంటే అనుమానమన్న భావన వాటిలో కొన్నిటికి ఉంది. నిజానికి బాగా నడిపేవారికి మేలు చేసేది తనిఖీయే. లెక్కలు బయట పెట్టినప్పుడే వారి కష్టానికి గుర్తింపు వస్తుంది, పేరు వాడుకుని మోసం చేసేవారు వేరుపడతారు. జిల్లాల వారీగా ఆశ్రమాలన్నిటి నమోదు, ఏడాదికి రెండుసార్లు ముందుగా చెప్పని తనిఖీ, పడక పుండ్లు, బరువు, పడిపోవడాల నెలవారీ లెక్క, ఫ్లోరోసిస్ బాధితుల కోసం ప్రత్యేక ప్రమాణం, ఆ నివేదికలు తెలుగులో అందరికీ అందుబాటులో ఉండటం తక్షణం జరగాల్సిన పనులు. చట్టసభ మళ్లీ బిల్లు తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. జిల్లా కలెక్టర్, సంక్షేమ అధికారి, వైద్య కళాశాలలు పూనుకుంటే ఇందులో చాలావరకు ఇప్పుడున్న నియమాలతోనే మొదలుపెట్టవచ్చు. ఏ వృద్ధుడైనా, ఏ అవ్వయినా నిర్లక్ష్యానికి, హింసకు గురవుతున్నట్టు తెలిస్తే 14567కు ఫోన్ చేయడం తెలిసిన ప్రతి మనిషి బాధ్యత.